తాడు లేని చెంబు

'వస్తాం' అనే మాటకు అర్థం తెలియకుండానే నేను తెలుగు అయ్యవారి ఉద్యోగంలో చేరాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే పింఛను ఆపేస్తారేమోనన్న భయం కొంతా, నా దగ్గర చదువుకున్నవాళ్ళు తక్కిన మాటల అర్థాలను కూడా ఇంకెవరినైనా అడిగి సరిచూసుకుంటారేమోనన్న సిగ్గు కొంతా. ఇప్పుడు చెప్పవలసి రావడానికి కారణం మా వీధి చివరి బట్టల కొట్టువాళ్ళు ఈ ఏడు ఇచ్చిన క్యాలెండరు. దాని మీద దేవుడి బొమ్మకు బదులు ఒక పడవ ఇల్లు ఉంది. పచ్చని నీళ్ళ మీద, కిటికీలకు తెరలు కట్టుకుని, లోపల సోఫాలు వేసుకుని, పెళ్ళివారి విడిదిలా నిలబడి ఉంది. మొన్న మా మనవరాలు కాలేజీకి పోతూ పోతూ దాని ముందు ఆగి, అందులో ఒక్కరోజు ఉండాలన్నా మనలాంటివాళ్ళ వల్ల కాదంట తాతా అని నిట్టూర్చి, 'బై' అని ఒక్క అక్షరం నా మీద పడేసి వెళ్ళిపోయింది. మన వల్ల కాకపోవడమేమిటి, నేను అందులో సంసారం లేకుండానే సంసారిలాగా ఉండి వచ్చానని చెబుదామనుకునేలోపల గేటు చప్పుడైంది. ఆ పిల్లకు చెప్పలేనిది నా ఈడువాళ్ళయిన మీకు చెప్పుకుంటాను.

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్ళు, అక్కకు పద్నాలుగు. పెళ్ళయి బంగారుపాళ్యం దగ్గరి పల్లెకు కాపురానికి పోతూ, అక్క చీరెసారెలతో పాటు నన్ను కూడా చంకన వేసుకుని పోయింది. బావ ఏమీ అనలేదు. బావ ఎప్పుడూ ఏమీ అనేవాడు కాడు. నాకు తిండి పెట్టాడు, బడికి పంపాడు, ఆ తరవాత చిత్తూరులో ఉంచి చదివించాడు, ఇదంతా మాట ఖర్చు లేకుండా చేశాడు. ఇప్పుడు ఆ వైపు రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలూ గుజ్జు ఫ్యాక్టరీలూ కనబడతాయి గాని, ఆ రోజుల్లో మా బావకు ఉన్నది చెరకు. ఎద్దులతో కపిల తోలి చెరకుకు నీళ్ళు పెట్టడం బావ పని, ఇంటికి నీళ్ళు చేదడం అక్క పని. ఆ చేదబావి ఎంత లోతంటే, బిందె లోపలికి వదిలాక అది నీళ్ళను తాకే చప్పుడు వినబడేలోపల అక్క నా చేత ఒక ఎక్కం అప్పజెప్పించుకునేది. ఎండాకాలంలో రెండు ఎక్కాలు. ఆమె అరచేతుల్లో తాడు వరసలు పడి ఉండేవి. తల నిమిరినప్పుడు నా జుట్టు ఆ వరసల్లో చిక్కుకునేది. లాగి లాగి అలిసిపోయినప్పుడు, చెయ్యి చాపితే నీళ్ళు అందే ఇంట్లో ఒక్క దినమన్నా ఉండి చూడాలని అనేది. తక్కిన ఆడవాళ్ళు నగలడిగే వయసులో మా అక్క అడిగింది అదొక్కటే, అదీ బావిని అడిగింది గాని మనిషిని అడగలేదు.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నాకు తిరుపతిలో ఉద్యోగమైంది. ఒంటి గది, హోటలు భోజనం. గదిలో నా మాటకు బదులు చెప్పేది గోడ ఒక్కటే, అదీ నేనన్న మాటనే తిరిగి అనేది. మా బడిలో డ్రాయింగు అయ్యవారిది పులికాటు సరస్సు పక్క ఊరు. గూటి పడవ సంగతి మొదట ఆయన నోటనే విన్నాను. మద్రాసుకు కట్టెలూ ఉప్పూ మోసుకుపోయే పెద్ద పడవలు తిరిగి వచ్చేటప్పుడు కాలువ వెంబడి ఖాళీగా వస్తాయట. ఊరికే రావడమెందుకని పడవవాళ్ళు వాటి నడుమ వెదురు బద్దలు వంచి, తాటాకు కప్పి, గూడు కట్టి, సెలవుల్లో సంసారులకు అద్దెకిస్తారట. వంట అందులోనే, పడక అందులోనే. బియ్యం మనవి, సరస్సు వాళ్ళది. మద్రాసు గుమాస్తాలు పెళ్ళాంబిడ్డలతో వచ్చి నాలుగేసి రోజులు ఉండి పోతారనీ, ఊళ్ళో అద్దెగది కంటే అదే చవకనీ చెప్పి, దొరలకు ఊటీ, మనకు గూటి అని ముగించాడాయన. ప్రాస కుదిరిన మాట అబద్ధం కాదని నమ్మే వయసు నాది.

ఆ ఏడు కార్తీకంలో అక్కా బావా పిల్లలిద్దరినీ తీసుకుని కొండ మొక్కు తీర్చుకోవడానికి వచ్చారు. కొండ దిగాక వాళ్ళను కపిలతీర్థానికి తీసుకుపోయాను. వానలు బాగా పడ్డ ఏడు, నీళ్ళు పైనుంచి ఒకటే పోతగా దూకుతున్నాయి. కపిల అంటే మా పక్క ఎద్దులు లాగితే గాని పైకి రాని తోలుబాన. అక్క ఆ ధార కింద నిలబడి, కొంగు పిండుకోవడం కూడా మరిచిపోయింది.

"ఈ కపిలకు ఎద్దుల్లేవు, తాడు లేదు. ఎవురూ చేదకనే పడతా ఉండాయి గదరా అబ్బోడా" అంది.

క్రిస్మసు సెలవుల్లో ఆమెను గూటి పడవలో ఉంచాలని అక్కడే నిర్ణయించుకున్నాను. నన్ను పెంచిన మనిషికి నేను ఇవ్వగలిగింది ఏదైనా ఉందని నాకు తట్టడం అదే మొదటిసారి. అయితే ఆ శుభవార్త బయటపెట్టడానికి నేను ఎంచుకున్న చోటు బస్సు మెట్టు. అప్పటివి బొగ్గు బస్సులు, మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, వెనక ఇంత పొయ్యి, దాన్ని క్లీనరు చక్రం తిప్పి తిప్పి రాజేస్తుంటే పక్కమనిషి మాట పక్కమనిషికి వినబడేది కాదు. అక్క అప్పటికే ఎక్కి పిల్లల్ని సర్దుకుంటోంది. గుండు మీద తుండుగుడ్డ కప్పుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టిన బావకు నా పథకమంతా ఏకరువు పెట్టాను: నీళ్ళ మీద ఇల్లు, నాలుగు రోజులు, మీరూ అక్కా పిల్లలూ, తప్పకుండా రావాలి. బావ తలాడించి, "సరేలేప్పా, వస్తాం" అన్నాడు. బస్సు కదిలింది. కిటికీలోంచి అక్క కూడా చెయ్యి ఊపి, "వస్తాం అబ్బోడా" అంది. ఆ రెండు 'వస్తాం'లనూ రిజిస్టరాఫీసులో ఇద్దరు సాక్షుల సంతకాల్లాగా భద్రంగా పట్టుకుని గదికి వచ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. రైలు వివరాలు తెలపాలి కదా అని కార్డు రాశాను. తెలుగు అయ్యవారు కార్డు రాస్తే నలుగురిలాగా రాస్తాడా? 'జలగృహప్రవేశ మహోత్సవ ఆహ్వానము' అని తలకట్టు పెట్టి, కొత్త ఇంట్లో పాలు పొంగించవలసింది ఆడపడుచు గనుక, మా అక్కగారిని వెంటబెట్టుకుని సకుటుంబంగా మా జలభవనానికి దయచేయవలసిందనీ, అందుకు చిత్తూరులో చిన్న రైలెక్కి గూడూరులో పెద్ద రైలుకు మారి సూళ్ళూరుపేటలో దిగవలసిందనీ, తేదీతో సహా రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది పంపాను. బదులు రాలేదు. మా పక్క శుభలేఖకు బదులు రాసే అలవాటు ఎవరికీ లేదు; వచ్చేవాళ్ళు వస్తారు, అంతే. ఇక అక్క కోసం ఒక ఇత్తడి చెంబు కొనడమే మిగిలింది. కొట్టాయన మెడ చూపించి, తాడు జారకుండా అంచు మంచిగా ఉందని చెప్పబోతే, ఇది తాడుతో పనిలేని చెంబని గర్వంగా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి కాగితంలో చుట్టిచ్చాడు.

ఆ రోజు సూళ్ళూరుపేట స్టేషనులో ఒక చేత్తో చెంబూ, ఇంకో చేత్తో పొంగించవలసిన పాలముంతా పట్టుకుని నిలబడ్డాను. పొద్దుటి రైలు వచ్చింది, పోయింది. మధ్యాహ్నం రైలూ అంతే. చెంబుతో అంతసేపు అటూ ఇటూ తిరుగుతున్న మనిషిని చూసి జాలిపడిన ఒక పోర్టరు దగ్గరికి వచ్చి, పట్టాల అవతల తుమ్మచెట్లు ఉన్నాయనీ, ఆ వైపు ఎవరూ రారనీ రహస్యంగా చెప్పి పోయాడు. సాయంత్రం రైలు వచ్చే వేళకు ముంతలో పాలు విరిగాయి. దిగినవాళ్ళలో మావాళ్ళు లేరు.

కాలువ గట్టున పడవాయన గూడంతా ఊడ్చి, పొయ్యి అలికి, అయిదుగురికి అయిదు చాపలు పరిచి ఉంచాడు. యాభై దాటిన మనిషి, గడ వేసి వేసి భుజాలు మాత్రం పాతికేళ్ళవి. మీవోళ్ళేరి సామీ అని అడిగితే, నా వాళ్ళు లేరు, ఉన్నది నావ ఒక్కటే అన్నాను. ఆయన నవ్వలేదు. మా బడిలో అయితే మూడో ఫారం పిల్లలు నవ్వి ఉండేవాళ్ళు. మర్నాడు పొద్దుటి రైలుకు కూడా పోయి చూసి వచ్చాను. ఇంక ఆగితే నాకు మాట ఇచ్చిన రోజులు గట్టునే గడిచిపోతాయని పడవాయన గడ వేశాడు.

పడవ కాలువ దాటి సరస్సులోకి వచ్చాక చూస్తే, ఎటు తిరిగినా నీళ్ళే. అన్ని నీళ్ళను ఒక్కచోట నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. కిటికీ తడక ఎత్తి చెయ్యి చాపాను. నిజంగానే అందాయి. అక్క ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నది ఇదే కదా అని చెంబు ముంచి, ఆమె తాగవలసిన మొదటి గుక్క ఆమె తరఫున నేనే తాగాను. ఆ గుక్క ఎంత వేగంగా లోపలికి పోయిందో అంతకంటే వేగంగా బయటికి వచ్చింది. పడవాయన గడ ఆపి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఇది ఉప్పుటేరు గదా సామీ, యాడన్నా తాగతారా? మంచినీళ్ళు ఆ కడవలో ఉండాయి. ఉండేది రెండు కడవలే, సూసి పోసుకోండి."

డ్రాయింగు అయ్యవారు నాకు చూపించిన బొమ్మలో నీళ్ళకు రంగు ఉంది గాని రుచి లేదు. ఆ విధంగా బంగారుపాళ్యం వాణ్ణి, కనుచూపు మేర నీళ్ళ నడుమ కూర్చుని, మా అక్క ఇంట్లో లాగే చెంబు కొలతన నీళ్ళు వాడుకున్నాను. మా వాళ్ళు ఒప్పుకున్నారనుకున్న చోట ఒప్పు పోయి నాకు ఉప్పు మిగిలింది.

ఒంటరితనం గదిలో ఉన్నప్పుడు గది అంతే ఉంటుంది. గోడలు దాన్ని అంతకు మించి పెరగనివ్వవు. నీళ్ళ మీద దానికి అడ్డమేముంది. పగలంతా ఎర్ర రెక్కల కొంగలు వందల కొద్దీ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉండేవి, వాటిలో ఒక్కటీ ఒంటరిగా లేదు. దూరాన సరుగుడు తోపుల్లో గాలి ఎవరో వస్తున్నట్టే చప్పుడు చేసేది, ఎవరూ వచ్చేవాళ్ళు కారు. పడవాయన మంచివాడే గాని, రోజుకు నాలుగు మాటలు ఆడేవాడు, ఆ నాలుగూ గాలిని గురించి. చేపల పులుసు వండి పెడితే, తన కొనన తానూ నా కొనన నేనూ కూర్చుని తినేవాళ్ళం. నడుమ నాలుగు ఖాళీ చాపలు. ఏమీ తోచక నేను ఒక చాప మీది నుంచి ఇంకో చాప మీదికి మారుతూ, ఇది బావ చోటు, ఇది పెద్దదాని చోటు, ఇది చిన్నవాడిది అని కూర్చుని చూశాను. అన్నిటిలోకీ అక్క చోటే బాగుంది, కిటికీ పక్కన. గూడు ఉంది, గోడు ఉంది, తోడు లేదు. ఈ మూడు మాటలూ ఇంత చక్కగా కుదిరినందుకు సంతోషించడానికి కూడా పక్కన ఒక మనిషి ఉండాలని అప్పుడు తెలిసింది.

చివరి రోజు మధ్యాహ్నం వంట కోసం ఒక ఇసుక దిబ్బ పక్కన ఆగితే, అక్కడ ఇంకో గూటి పడవ కట్టి ఉంది. నగరి నుంచి మద్రాసు పోయి స్థిరపడ్డ నేతపనివాళ్ళ కుటుంబం. ఇల్లాలు నా మాట విని మన పక్క మనిషని గుర్తుపట్టి, గిన్నెడు మజ్జిగపులుసు పంపింది. వెనకనే వాళ్ళ పిల్లలు ముగ్గురూ నా పడవలోకి దూకి, ఆ ఖాళీ చాపలన్నిటి మీదా దొర్లి, చెంబును డప్పుగా వాయించి, గూడంతా రచ్చ చేశారు. ఆ గంటసేపు నా పడవ ఇల్లయింది. తరవాత వాళ్ళ పడవవాడు కట్టు విప్పాడు. ఇల్లాలు గూటి వాకిట్లో నిలబడి నవ్వుతూ, "వస్తామన్నా" అంది. వస్తామంటూ ఉండగానే మా మధ్య నీళ్ళు వెడల్పయ్యాయి. ఆ మాట ఇంకా నా చెవిలో ఉంది, వాళ్ళ పడవ మాత్రం చేటంతై, చెయ్యంతై, గోరంతై పోయింది. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి అప్పుడు తెలుగు అయ్యవారికి తెలిసింది: మన భాషలో వస్తాం అంటే పోతున్నాం అని. బావ ఆ రోజు బస్సు మెట్టు మీద నాకు జవాబు చెప్పలేదు, సెలవు తీసుకున్నాడు.

సెలవులు ముగియకముందే నేరుగా పల్లెకు పోయాను. గానుగ ఆడుతోంది. బావ బెల్లం పెనం దగ్గర తెడ్డు వేస్తున్నాడు, అక్క పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తోంది. నన్ను చూడగానే బావ, తన జన్మలో చేసిన కొద్దిపాటి హాస్యాల్లో ఒకటి చేశాడు.

"ఏమప్పా, నీళ్ళ మింద ఇల్లు కట్టేస్తివా?"

నా కార్డు చూరులో చెక్కి ఉంది, పసుపు చెరగలేదు. రైలు తరవాత రైలు ఎదురు చూసిన సంగతి చెబితే ఆయన నిజంగానే తెల్లబోయాడు. బస్సు చప్పుడులో సగం మాటలు వినబడలేదట. కార్డు సంగతి అడిగితే, తప్పు తనదో నాదో తేల్చుకోలేనట్టు తెడ్డు ఆపి నిలబడ్డాడు.

"చిన్నప్పటి నుంచి నువ్వు ఆడేది మాటల ఆటే గదప్పా. నీళ్ళ మింద గృహప్రవేశమంటే ఎగతాళనుకుంటి. నవ్వుకొని చూర్లో పెట్టినా."

అక్కకు ఆ కార్డు ఉన్నట్టే తెలియదు. ఆమెకు చదవడం రాదు, చదివి చెప్పినవాళ్ళు లేరు. చేతిలోని పిప్పి కింద పడేసి లేచి వచ్చింది. చెంబు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి తాడేదని అడిగింది. అక్కడ తాడు అక్కరలేదనీ, కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాపితే చాలుననీ చెప్పాను. ఆమె చెంబులోకి తొంగి చూసింది. తరవాత చిన్నగా అడిగింది.

"తియ్యగా ఉండాయా నీళ్ళు?"

ఉప్పగా ఉన్నాయని చెప్పి ఉంటే ఆమె బాధ సగం తీరేది. ఆ సంగతి అప్పుడు తోచలేదు. అంత ఆశగా అడుగుతుంటే లేదనడానికి నోరు రాలేదు, పక్కన నిలబడ్డ బావకు కాస్త తగలనీ అన్న దుర్బుద్ధి కూడా లేకపోలేదు. తియ్యగా ఉన్నాయక్కా, కొబ్బరి నీళ్ళే అన్నాను. అక్క బావ వైపు తిరిగింది.

"నన్నొక మాట అడిగింటే పొయ్యింటి గదా" అని, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.

ఆ తరవాత ఏటేటా నేను పిలుస్తూనే ఉన్నాను, బావ వస్తాంలేప్పా అంటూనే ఉన్నాడు, ఏటేటా సరిగ్గా ఆ దినాలకే గానుగ ఆడుతూనే ఉండేది. చెంబుకు అక్క తాడు కట్టుకుంది. బావి దగ్గర చేతులు నొప్పి పుట్టినప్పుడల్లా, మా తమ్ముడి పడవకాడ తాడే అక్కరలేదు, తియ్యని నీళ్ళు, అని బావ వినేటట్టు అనేదట. ఈలోగా లారీలు వచ్చాయి, మద్రాసుకు కట్టెలు రోడ్డు మీదనే పోసాగాయి, కాలువలో పడవలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. ఒక ఎండాకాలం నాలుగు దినాల జ్వరంతో అక్క పోయింది.

ఇప్పుడు పడవ ఇళ్ళు క్యాలెండర్ల మీద ఉన్నాయి, అందులో మనలాంటివాళ్ళు లేరు. గడప దాటేవాళ్ళెవరూ వస్తామని చెప్పి పోవడం లేదు, బై అంటున్నారు. మంచి మాటే. అందులో పొరపాటు పడడానికి వీల్లేదు. కాని చెంబు పట్టుకుని రైలు తరవాత రైలు చూడడానికి కూడా అందులో వీల్లేదు.

అక్క కర్మలన్నీ అయిన కొన్నాళ్ళకు బావ తిరుపతి వచ్చాడు. తుండుగుడ్డలోంచి చెంబు తీసి, "ఇది నీదప్పా" అని నా ముందు పెట్టాడు. ఇరవై ఏళ్ళ తాడుకు దాని మెడ అరిగి గాడి పడింది, తాడు ఇంకా దానికే ఉంది. మర్నాడు ఎక్కడికని చెప్పకుండా ఆయన్ను బస్సెక్కించి సరస్సు దగ్గరికి తీసుకుపోయాను. గూటి పడవలు అప్పటికే లేవు. చేపలవాళ్ళ పడవ ఒకటి మాట్లాడాను. లోపలికి పోయాక బావ చుట్టూ చూసి గూడేదప్పా అని అడిగాడు. గూడు పోయింది బావా అన్నాను. చెంబు మెడకున్న తాడు విప్పి పక్కన పెట్టి, చెంబు ఆయన చేతికిచ్చి, ఇరవై ఏళ్ళుగా దాచుకున్న మాట అన్నాను.

"ముంచుకో బావా. తియ్యగా ఉంటాయి."

ఆయన ఉమ్మేస్తాడు, నేను పగలబడి నవ్వుతాను, అన్నాళ్ళ కసి ఆ నవ్వుతో తీరిపోతుంది, ఇదీ నా ఆలోచన. బావ కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి ముంచాడు. ఎత్తి తాగాడు. గొంతు కదలడం చూస్తూనే ఉన్నాను, ఎక్కడా ఆగలేదు. చెంబు దించి, మీసం తుడుచుకుని, నా వైపు కాకుండా నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"తియ్యగానే ఉండాయప్పా. మీ అక్క చెప్పినట్లే ఉండాయి."

మళ్ళీ ముంచి, నిండు చెంబు నా చేతికిచ్చాడు. తాగాను. పిల్లల తప్పులు దిద్ది బతికినవాణ్ణి, ఆ ఒక్క మాటను దిద్దలేదు.